ఒడిశా తీరంలోని గోపాలపూర్ దగ్గర ఇంటికి స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగ్, కుళాయిలు: 304 గ్రేడ్ చాలదా?

సముద్రగాలి నేరుగా తగిలే రెయిలింగ్, గేటు, బయటి కుళాయిలకు 304 చాలదు, 316 గ్రేడ్ తీసుకోండి. వంటింటి సింకుకు మాత్రం 304 సరిపోతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది క్రోమియం వల్ల దాని మీద ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొర. గీత పడినా గాలి తగిలితే అది మళ్లీ దానంతటదే ఏర్పడుతుంది. కానీ సముద్రపు ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడా తినేస్తుంది. అక్కడే గోధుమరంగు చుక్కలు మొదలవుతాయి. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటితోపాటు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం కూడా ఉంటుంది. క్లోరైడ్‌ను బాగా తట్టుకునేది అందుకే. ధర ఎక్కువే, ఇల్లంతా వేయించక్కర్లేదు.

ఉదాహరణకు, గోపాలపూర్‌లో సముద్రం వైపున్న బాల్కనీకి 316 వేయించినా, అదే ఇంట్లో సింకు 304ది పెట్టుకోవచ్చు. బరంపురం ఊళ్లో, తీరానికి దూరంగా ఉంటే బయటికి కూడా మామూలుగా 304 చాలు. ఒక విచిత్రం: వానకు తడిసే రెయిలింగ్ కంటే సన్‌షేడ్ కింద ఉన్నదానికే ముందు మచ్చలు పడతాయి, ఉప్పును కడిగే వాన దానికి తగలదు కదా. దాన్ని అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగాలి.

చాలామంది పొరబడేది అయస్కాంతం దగ్గర. అంటుకోకపోతే మంచి స్టీలే అనుకుంటారు. నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన చవక 202 రకం కూడా అంటుకోదు! బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి; అనుమానముంటే మాలిబ్డినం టెస్ట్ కిట్‌తో చూపించమనండి.