పాత ఫోను కొనేటప్పుడు ఐఎంఈఐ స్టేటస్ ఎలా చదవాలి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. సెకండ్ హ్యాండ్ ఫోను చూశావనీ, అమ్మేవాడు "ఐఎంఈఐ వ్యాలిడ్" అని వచ్చిన స్క్రీన్‌షాట్ పంపాడనీ మీ అమ్మ చెప్పింది. ఐఎంఈఐ అంటే ప్రతి ఫోనుకూ ఇచ్చే గుర్తింపు నంబరు, "వ్యాలిడ్" అంటే ఆ నంబరు చెల్లుతుందని. ఆ స్క్రీన్‌షాట్‌ను నమ్మొద్దు. అది ఒక నంబరు గురించి చెబుతుంది, నీ చేతికొచ్చే ఫోను గురించి కాదు. ఆ నంబరు ఈ ఫోనుదేనని ముందు నువ్వు తేల్చుకోవాలి.

ఫోను చేతిలోకి తీసుకుని *#06# నొక్కు. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు నంబర్లు వస్తాయి, ఒక్కోటి 15 అంకెలు. ఆ రెండూ సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్" దగ్గర, పెట్టె మీద, బిల్లు మీద ఒకేలా ఉండాలి. కొన్ని ఐఫోన్లలో సిమ్ ట్రే మీద కూడా చెక్కి ఉంటుంది. తేడా వస్తే పెట్టె వేరే ఫోనుదైనా కావాలి, లోపల బోర్డు మార్చైనా ఉండాలి. సర్వీస్ సెంటర్‌లోనే బోర్డు మార్చామంటే జాబ్ షీట్, అంటే రిపేరుకు వాళ్లిచ్చిన కాగితం, చూపించమను. కాగితం లేదంటే వదిలెయ్.

ఇక చెక్ చేయడం. కేంద్ర ప్రభుత్వ టెలికం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైటులో గానీ యాప్‌లో గానీ "నో యువర్ మొబైల్" ఉంటుంది. నెట్ లేకపోతే మెసేజ్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో కేవైఎం (KYM) అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, 15 అంకెలూ వేసి 14422కి పంపు. రెండు నంబర్లకూ విడివిడిగా చెయ్యి. చాలామంది మొదటిది చూసి ఆగిపోతారు.

జవాబులో స్టేటస్ కంటే ముందు కంపెనీ పేరు, మోడల్ పేరు చదువు. ఐఎంఈఐలో మొదటి 8 అంకెలు మోడల్‌ను చెబుతాయి, తర్వాతి 6 ఆ ఒక్క ఫోనుకు ఇచ్చిన వరస, చివరిది అంకెలు సరిగా పడ్డాయో లేదో లెక్కతో తేల్చే అంకె. అందుకే చేతిలో ఒక మోడలుండి, జవాబులో ఇంకోటి వస్తే ఆ నంబరును మార్చారన్న అనుమానం గట్టిగా పెట్టుకో. ఐఎంఈఐ మార్చడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద 3 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడగల నేరం. "డూప్లికేట్" అంటే అదే నంబరు ఒకటికి మించి ఫోన్లలో కనబడిందని. "బ్లాక్‌లిస్టెడ్" అంటే దాన్ని నెట్‌వర్క్‌లో ఆపేశారని. ఈ రెండింట్లో ఏది వచ్చినా, "ఆల్రెడీ ఇన్ యూజ్" (ఇప్పటికే వాడకంలో ఉంది) అని వచ్చినా కొనొద్దని ఆ సైటే చెబుతోంది. ధర ఎంత తగ్గించినా సరే, బేరం ఆడకు.

బ్లాకైన ఫోను వైఫై మీద శుభ్రంగా పనిచేస్తుందని గుర్తుంచుకో. యూట్యూబ్ ఆడించి చూపిస్తే తృప్తిపడకు. వైఫై ఆపించి, నీ సిమ్ వేసి, కాల్ చేసి రెండు నిమిషాలు మాట్లాడు.

"వ్యాలిడ్" అని వచ్చినా అందులో కనబడనివి ఉన్నాయి. పాత యజమాని గూగుల్ ఖాతా, ఐఫోనును పాత యజమాని ఖాతాకు కట్టేసే ఆపిల్ యాక్టివేషన్ లాక్, వాయిదాలు కట్టకపోతే ఫైనాన్స్ వాళ్లు వేసే లాక్, ఇవేవీ ఆ జవాబులో రావు. ఖాతాలన్నీ అతని చేతే తీయించి, నీ ఎదుటే రీసెట్ చేయించి, మళ్లీ ఆన్ చేసి చూడు. అమెరికా నుంచి తెచ్చిన ఐఫోనైతే సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్‌లోకి వెళ్లి "క్యారియర్ లాక్" (ఒకే కంపెనీ సిమ్‌కు కట్టేసే లాక్) దగ్గర "నో సిమ్ రిస్ట్రిక్షన్స్", అంటే ఏ సిమ్ అయినా వేసుకోవచ్చు, అని ఉందో లేదో చూసుకో. లేకపోతే మన సిమ్ పనిచేయదు.

ఇంకొకటి, అల్లుడూ. ఫోను పోగొట్టుకున్నవాళ్లు ఫిర్యాదు ఇచ్చి బ్లాక్ చేయిస్తేనే స్టేటస్ మారుతుంది. నిన్న పోయిన ఫోను ఇవాళ "వ్యాలిడ్" అనే చూపించొచ్చు. నువ్వు కొన్నాక అది బ్లాకైతే, తీయించడానికి ఆ ఫిర్యాదు పెట్టినవాళ్లకు అప్పుడు వచ్చిన రిక్వెస్ట్ ఐడీ నంబరు కావాలి, నీ మాట చెల్లదు. కాబట్టి అసలు బిల్లు తీసుకో. తెల్లకాగితం మీద రెండు ఐఎంఈఐలు, తేదీ, ధర రాయించి సంతకం పెట్టించుకో. అతని గుర్తింపు కార్డు నకలు జత చెయ్యి. డబ్బు చేతికివ్వకుండా ఫోన్‌పే లాంటి దానిలో పంపితే చెల్లించిన రుజువు మిగులుతుంది. పంపే ముందు ఇంకోసారి 14422కి మెసేజ్ కొట్టు.

ఇట్లు,
మీ మామయ్య