ఆబోతుల వీర్యంపై పరిశోధన: ఒక తండ్రి సందేహానికి సమాధానం

ప్రశ్న: మా అమ్మాయి గరివిడి పశువైద్య కళాశాలలో మూడో సంవత్సరం చదువుతోంది. ఆబోతుల వీర్యం నాణ్యతను, సంతానోత్పత్తి శక్తిని ఎపిజెనెటిక్ గుర్తుల (డీఎన్‌ఏ వరుస మారకుండానే జన్యువుల పనితీరును మార్చే గుర్తుల) ద్వారా అంచనా వేసే పరిశోధన చేస్తానని, అందుకు ఎంవీఎస్సీలో (పశువైద్యంలో పీజీ) బయోటెక్నాలజీ తీసుకుంటానని పట్టుబడుతోంది. గైనకాలజీ మంచిదా, బయోటెక్నాలజీ మంచిదా? ఆడపిల్ల ఇలాంటి పని చేస్తోందంటే బంధువులకు ఏమని చెప్పుకోవాలి? - ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ, మిమ్మల్ని కలవరపెడుతున్నది రెండోదేనని స్పష్టంగా తెలుస్తోంది. ఆడపిల్లల తండ్రులు ఏటా నన్ను అడిగే మాటే ఇది. సంతాన సాఫల్య కేంద్రంలో మనుషులకు ఇవే పరీక్షలు చేసే డాక్టరమ్మకు చేతులెత్తి నమస్కరించే బంధువులు పశువుల దగ్గరికి వచ్చేసరికి ముఖం చిట్లిస్తే, అది వారి అజ్ఞానం. దాన్ని మీరు ఇంటికి మోసుకొచ్చి చదువుకుంటున్న పిల్ల ముందు పెట్టడం మాత్రం తప్పు. దయచేసి ఆ పని మానండి.

ఆమె చేయదలచిన పని విలువ తెలిస్తే మీకే ధైర్యం వస్తుంది. ఆబోతు నుంచి ఒక్కసారి సేకరించిన వీర్యంతో, పశువులకు కృత్రిమ గర్భధారణ చేయడానికి వాడే వందల స్ట్రాలు (వీర్యం నింపిన సన్నని గొట్టాలు) తయారవుతాయి. 0.25 మిల్లీలీటర్ల స్ట్రాలో సుమారు 2 కోట్ల వీర్యకణాలు నింపి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరుస్తారు. ఒక స్ట్రాను 37 డిగ్రీల నీటిలో అర నిమిషం ఉంచి, ఆ చుక్కను మైక్రోస్కోపు కింద చూసి, కనీసం సగం కణాలు చురుగ్గా ముందుకు కదులుతుంటేనే ఆ బ్యాచ్‌ను ఊళ్లకు పంపుతారు. ఈ పరీక్షలో నెగ్గిన ఆబోతుల్లోనూ కొన్నింటి వీర్యంతో పశువులు సరిగా చూడి కట్టవు. ఆనందపురంలో ఒక గేదె చూడి నిలవకపోతే, మళ్లీ ఎదకు వచ్చేదాకా సుమారు 21 రోజుల మేత ఖర్చు ఆ రైతు నెత్తిన పడుతుంది. కదలికలో కనిపించని ఆ లోపాన్ని ముందే పట్టుకోవాలన్నదే మీ అమ్మాయి తపన. డీఎన్‌ఏ అక్షరాల వరుస మారకుండానే దానిపై చేరే మిథైల్ అనే రసాయన గుర్తులు, దాన్ని బిగించి చుట్టే ప్రోటమిన్లు అనే ప్రోటీన్లు, వీర్యకణంలోని సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలు ఆ ఆచూకీ ఇవ్వగలవని శాస్త్రవేత్తలు ఆశిస్తున్నారు.

అయితే ఈ మార్గంపై ఇప్పుడున్న మోజు విషయంలో నాకు గట్టి సందేహాలున్నాయి. ఈ గుర్తులు ఆబోతు వయసును బట్టి మారతాయి. వీర్యకణం తయారుకావడానికి దాదాపు 61 రోజులు పడుతుంది కనుక, ఈరోజు తీసిన నమూనాలో రెండు నెలల కిందటి ఎండ దెబ్బ కూడా కనిపించవచ్చు. నమూనాలో ఇతర శరీర కణాలు కాసిన్ని కలిసినా మిథైల్ గుర్తుల లెక్క తారుమారవుతుంది. అధ్యయనాల్లో చాలావరకు కొద్దిపాటి ఆబోతులతో, అదీ హోల్‌స్టీన్ వంటి విదేశీ జాతులపై జరిగినవే. వాటిలో తేలినది మన ముర్రా దున్నకో, ఒంగోలు ఆబోతుకో అలాగే వర్తిస్తుందని ముందే అనుకోలేం. పైగా పశువు చూడి కట్టడంలో ఎదను గుర్తించిన సమయానికి, కృత్రిమ గర్భధారణ సూది వేసినవారి చేతి నేర్పుకు, మేతకు కూడా పాత్ర ఉంది. వీటన్నిటి నుంచి ఆబోతు వాటాను విడదీయకుండా ఏ గుర్తునూ నమ్మలేం. అందుకే ఒక్క పరీక్షా విధానాన్ని నమ్ముకుని జీవితం మొత్తం కట్టుకోవద్దని విద్యార్థులకు చెబుతుంటాను.

ఇక మీరడిగిన పోలిక. బయోటెక్నాలజీలో ఉద్యోగాలు ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉంటాయి, పీహెచ్‌డీ లేనిదే నిలదొక్కుకోవడం కష్టం. గైనకాలజీ చదివితే పశుసంవర్ధక శాఖ, డెయిరీలు, వీర్య కేంద్రాలు, బోధన, పరిశోధన అన్నీ అందుబాటులో ఉంటాయి. నా ఓటు గైనకాలజీకే. థీసిస్‌ను మాత్రం ఆమె కోరుకున్న అంశంపైనే చేయవచ్చు. కర్నాల్‌లోని ఎన్‌డీఆర్‌ఐ (జాతీయ పాడి పరిశోధన సంస్థ), ఇజ్జత్‌నగర్‌లోని ఐవీఆర్‌ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ), హైదరాబాద్‌లోని ఎన్‌ఐఏబీ (జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ) వంటి సంస్థల తలుపులు తర్వాతైనా తట్టవచ్చు. ఏది ఎంచుకున్నా చేతిలో బీవీఎస్సీ పట్టా, పశువైద్యురాలిగా రిజిస్ట్రేషన్ ఉంటాయి. మీ అమ్మాయి ఖాళీగా ఇంట్లో కూర్చునే పరిస్థితి రాదు, ఆ భయం వదిలేయండి.

ఇంటర్న్‌షిప్‌లోగా విశాఖలోని ఘనీకృత వీర్య కేంద్రంలో అనుమతి తీసుకుని కొన్నాళ్లు పని చూడమనండి, వీలైతే ఒకరోజు మీరూ వెంట వెళ్లండి. ఈలోపు గణాంక శాస్త్రం బాగా నేర్చుకోమనండి. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు యంత్రాల గురించి కాక, ఏ ఆబోతు వీర్యంతో ఎన్ని పశువులు చూడి కట్టాయో చెప్పే ఊళ్ల రికార్డులు ఆయన దగ్గర ఉన్నాయా అని ముందుగా అడగమనండి.