పెనం తగిలితే తెలియదు, మోకాలు మాత్రం నిద్రపోనివ్వదు

ప్రశ్న: డాక్టరు గారూ, మా అత్తయ్యగారికి 76 ఏళ్లు. షుగరు, బీపీ ఉన్నాయి. మొన్న పెనం తగిలి చేతి మీద బొబ్బ లేచినా, నేను చూసి చెప్పేదాకా ఆవిడకి తెలియలేదు. మోకాళ్ల నొప్పులతో మాత్రం రాత్రంతా మూలుగుతారు. "కాలితే తెలియనిది మోకాలికెలా తెలుస్తోంది? ఊరికే మారాం చేస్తోంది అమ్మ" అంటారు మా వారు. మందుల షాపులో ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర తెప్పించుకుని రెండు పూటలా వేసుకుంటున్నారు. ఒళ్లు వెచ్చబడితే పైన డోలో. ఫర్వాలేదా?
— ఒక కోడలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మారాం కాదని ముందు మీ వారికి చెప్పండమ్మా. ఆవిడ విషయంలో రెండూ నిజమే. వయసు మీదపడ్డాక చర్మంలోని సన్న నరాలు తగ్గి చురుకు ఆలస్యంగా తెలుస్తుంది, షుగరుంటే మరీను. ఇక మెదడు నుంచి వెన్నుపాములోకి దిగి నొప్పిని అణిచిపెట్టే ఏర్పాటొకటి మనందరికీ ఉంటుంది. అదీ వయసుతో సన్నగిల్లుతుంది. అందుకే చిన్న నొప్పి తెలియదు, పట్టుకున్న పెద్ద నొప్పి ఓ పట్టాన వదలదు.

నాకు భయం మోకాలి గురించి కాదు. ఈ వయసులో, అందులోనూ షుగరుంటే, గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి రాకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లటి చెమటలు, నిలబడలేనంత నీరసం కనిపిస్తే గ్యాసని సోడా తాగించి కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

మాత్ర సంగతి. అది ఇక ఆపించండి. వయసుతో కిడ్నీల వడపోత తగ్గుతుంది, మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఎసిక్లోఫెనాక్ కడుపులో పుండు చేస్తుంది, బీపీ పెంచుతుంది, కిడ్నీని దెబ్బతీస్తుంది. బీపీకి ఒంట్లో నీరు తీసే మాత్ర కూడా వాడుతుంటే, మన గుంటూరు మే నెల ఎండల్లో నీళ్లు చాలక కిడ్నీ ఉన్నట్టుండి మొరాయించవచ్చు. మలం తారులా నల్లగా వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ మాత్రలో పారాసిటమాల్ ఉండగానే పైన డోలో వేస్తే అదే మందు రెండుసార్లు పడినట్టు.

మోకాలికి ముందు డైక్లోఫెనాక్ జెల్ రాయండి, పైపూతగా రక్తంలోకి వెళ్లేది తక్కువ. మన మిరపకాయ ఘాటుకి కారణమైన క్యాప్సైసిన్‌తో చేసిన క్రీమూ దొరుకుతుంది. అలాగని ఇంట్లో కారం నూరి పూసేరు! కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి, పది అంకెలు లెక్కపెట్టి దించే వ్యాయామం రోజూ చేయించండి. ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు ఎవరైనా సలహా ఇస్తే జాగ్రత్త, కళ్లు తిరిగి బాత్రూములో పడితే తుంటి ఎముక విరుగుతుంది.

ఇంకో మాట. "నొప్పుందా?" అనడిగితే మా ఓపీలో పెద్దవాళ్లు "ఏం లేదు బాబూ" అనేస్తారు. "మెట్లు దిగేటప్పుడు ఏది పట్టుకుంటారు? రాత్రి ఎన్నిసార్లు లేచారు?" అంటే అప్పుడు బయటపడుతుంది. మీరూ అలాగే అడగండి. బీపీ చూసే డాక్టరు దగ్గరికి వాడే మాత్రల షీట్లన్నీ, షాపులో అడిగి తెచ్చుకున్నవాటితో సహా, సంచిలో వేసుకెళ్లి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి.