రాయకుండా దాచిన రెండెకరాలు

చిట్టితల్లీ,

నిన్న పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. కొబ్బరి తురుముతున్న చెయ్యి కడుక్కోకుండానే ఎత్తాను. పొద్దున్నే ఫోన్ మోగితే నాకు భయం, నీకు తెలుసుగా. "అక్కా, పిల్ల పత్రికకి రాస్తుందట. సంక్రాంతి సంచిక నుంచి నెలకొకటి, సంవత్సరం పాటు. జీవితంలో తను నేర్చుకున్నవన్నీ రాస్తానంటోంది" అంది. సంతోషంగా చెప్పిందో, బెంగగా చెప్పిందో దాని గొంతుని బట్టి తెలియలేదు. నా పరిస్థితీ అదే. ఫోన్ పెట్టేశాక కాసేపు అరుగు మీద కూర్చుండిపోయాను. మన ఇళ్ళల్లో నా తర్వాత కలం పట్టేది నువ్వేనని పొంగిపోయాను. అంతలోనే, పాఠకుల నుంచి నాకొచ్చినలాంటి ఉత్తరాలు నీకూ వస్తాయి కదా అని గుండె గుబుక్కుమంది.

అందుకే ఇది రాస్తున్నాను. చూపు ఆనడం లేదు కాబట్టి అక్షరాలు పెద్దవయ్యాయి, పేజీలు ఎక్కువయ్యాయి. విసుక్కోకుండా చదువు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. రాసినదానికి నకలు దగ్గర పెట్టుకో. గడువుకి రెండు రోజుల ముందే పంపు. పంపేముందు ఒకసారి బయటికి చదువుకో, నాలిక తడబడిన చోట వాక్యం బాగోలేదని అర్థం. నీ కొడుకు పేరు ఎక్కడా రాయకు, వాడు స్నేహితుల మధ్య తిరగాల్సిన పిల్లాడు.

మీ నాన్న తాగుడు గురించి రాస్తావని నా అనుమానం. రాయొద్దని అనను. కానీ అచ్చుకి వెళ్ళేముందు మీ అమ్మ పక్కన కూర్చుని, ఆ కాగితం మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించు. అది నీ చిన్నతనం ఒక్కటే కాదు, మీ అమ్మ కాపురం కూడా. ఆ సంగతి పక్కింటావిడ పత్రిక పట్టుకొచ్చి చూపిస్తే దానికి తెలియడం నేను భరించలేను. తను వద్దంటే మానెయ్యి. ఇందులో నాతో వాదించకు.

ఇక ఉత్తరాల సంగతి. నేను 1991లో పత్రికకి రాయడం మొదలుపెట్టాను. నెలకో పేజీ, పన్నెండేళ్ళు. కాలవ వంతెన మీద పోస్ట్‌మ్యాన్ సైకిలు బెల్లు వినబడితే పొయ్యి మీద పాలు వదిలేసి వీధిలోకి వచ్చేదాన్ని. ఎక్కువగా పదిహేను పైసల కార్డులే. అన్నీ పక్కపక్కన పరిస్తే, వీళ్ళందరూ చదివింది ఒకే వ్యాసమా అనిపించేది. పిల్లల్ని కొట్టకుండా పెంచానని ఒకసారి రాశాను. తణుకు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు, మీ పిల్లలు బుద్ధిమంతులు కాబట్టి సరిపోయింది, నా బడిలో పిల్లలైతే తెలిసేది అని రాశారు. పాలకొల్లు నుంచి ఒకావిడ, ఆ రాత్రి కొడుకు వీపు మీద చెయ్యి వేసుకుని పడుకున్నానని, వాడు నిద్రలో ఉలిక్కిపడ్డాడని రాసింది. ఆ ఒక్క మాట చదివి నేను చాలాసేపు ఏడ్చాను.

నరసాపురం దగ్గర ఒక ఊళ్ళో ఏడుగురు ఆడవాళ్ళు ఒకే అరుగు మీద కూర్చుని లేసు అల్లుకుంటూ, చదువొచ్చిన ఒకమ్మాయి చేత నా పేజీ చదివించుకునేవాళ్ళట. ఏడుగురి మాటా కలిపి ఆ అమ్మాయే రాసి పంపేది. "మా అత్త మీరు చెప్పింది నిజమంటోంది. ఎదురింటి పిన్నిగారు మీకు తీరికెక్కువ అంటున్నారు. నాకు మీ చిన్నప్పటి వరద సంగతి నచ్చింది, మిగతాది గుర్తులేదు." ఇలా ఉండేవి ఆ ఉత్తరాలు. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని టీవీలో చెబుతుంటే నాకు నేనెప్పుడూ చూడని ఆ అరుగే కళ్ళ ముందు కదిలింది. మనం రాసింది ఎవరూ ఖాళీ చేతులతో వినరమ్మా. ఎవరి చేతిలో వాళ్ళ పని సగం అల్లి ఉంటుంది. దాన్ని చూసుకుంటూనే వింటారు.

ఇది ముందే అర్థమై ఉంటే 1994లో ఆ తప్పు చేసేదాన్ని కాదు. ఇంతవరకూ మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

ఆ సంవత్సరం ఓర్పు గురించి రాశాను. మా అత్తగారితో నా పాతికేళ్ళ కాపురం. ఆవిడ సామాన్ల గదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకునేవారు. కాఫీ పొడి కావాలన్నా అడగాలి. వచ్చేపోయేవాళ్ళ ముందు మా పుట్టింటివాళ్ళని తీసిపారేసేవారు. నేను మారు మాట్లాడలేదు. చివరికి మంచాన పడ్డాక ఒకరోజు ఆ తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇంక నీదేనే" అన్నారు. ఇదంతా జరిగిందే, ఒక్క అక్షరం కల్పించలేదు. దాని చివర మాత్రం, ఓర్చుకున్న ఆడదానికి ఏదో ఒకనాడు ఇల్లు లొంగుతుందని రాశాను.

ఎనభై ఉత్తరాలు దాటాయి. ఎప్పుడూ అన్ని రాలేదు. కూతురి చేత చదివించామని తండ్రులు రాశారు, కోడలికి ఇచ్చామని అత్తలు రాశారు. నాకది పొగడ్తగానే వినిపించింది. ఆ కట్టలోనే ఒక కార్డు ఉంది. గోదావరి పాయల మధ్య ఏదో లంక ఊరు. ముత్యాల్లాంటి అక్షరాలు.

"అమ్మగారికి నమస్కారం. మీ వ్యాసం మా నాన్న నాకు చదివి వినిపించారు. నేను పుట్టింటికొచ్చి నాలుగు నెలలైంది. వచ్చే సోమవారం మళ్ళీ దిగబెడతామంటున్నారు. ఒక్కటి అడగాలని రాస్తున్నాను. మీకు పసుపు కుంకుమల కింద ఏమిచ్చారండీ? అది రాయలేదు."

ఇంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనభై మంది మెచ్చుకున్నదాన్ని పట్టుకుని నా ఆస్తి లెక్క అడుగుతుందా అనుకున్నాను. ఆ రాత్రే కార్డు తీసి, "ఓర్పుకి ఆస్తితో పనిలేదమ్మా, మనసుంటే చాలు" అని రాశాను. తెల్లారగానే పాలేరు చేత పోస్టు డబ్బాలో వేయించాను.

నాకు ఏమిచ్చారో నీకు తెలుసు. ముమ్మిడివరం అవతల రెండెకరాల కొబ్బరితోట. నూట ముప్పై చెట్లు. రెండు నెలలకోసారి కాయల దింపు అవగానే మీ మామయ్య డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. ఆ డబ్బు గురించి ఎవరూ అడిగేవారు కాదు, నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. అత్తగారు కాఫీ పొడికి తాళం వేస్తే నాకు ఏడుపు రాలేదంటే, నా ట్రంకు పెట్టెలో నా డబ్బుంది కనుక. ఆవిడ మాటలు పడ్డానంటే, ఏ రోజైనా బస్సెక్కి వెళ్ళిపోతే నా తోట నన్ను పోషిస్తుందన్న ధైర్యంతో పడ్డాను. వ్యాసంలో అది ఎందుకు రాయలేదంటే, రాస్తే నా ఓర్పు చిన్నబోతుందనిపించింది. అంతకన్నా వేరే కారణం లేదు.

ఇంకో పాపం కూడా ఉంది. 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి మగపిల్లాడితో సమానంగా వాటా వచ్చింది. అప్పటికే పెళ్ళైపోయిన నాలాంటివాళ్ళకి ఆ చట్టం వర్తించలేదు, 2005లో దేశమంతటికీ చట్టం మార్చాకే మాకూ హక్కు వచ్చింది. కార్డు రాసిన పిల్లకి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయని నా ఊహ. అంటే పెళ్ళి ఆ తేదీ తర్వాతే అయి ఉంటుంది. తండ్రి చేతిలో ఉమ్మడి ఆస్తి సెంటు భూమి ఉన్నా అందులో తనకీ వాటా ఉంటుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. అంతకు ముందు సంవత్సరమే నా పేజీలో రాశాను కూడా. పెళ్ళి ఎప్పుడైందమ్మా, ఇంటి ఆస్తి ఎలా వచ్చిందమ్మా అని అడగాల్సినదాన్ని, మనసుంటే చాలన్నాను.

1996 నవంబరు 6 రాత్రి తుపాను నీకు గుర్తుండే ఉంటుంది. తెల్లారాక కోనసీమలో చెట్టన్నది నిలువుగా కనబడలేదు. మా తోటలో పదిహేడు చెట్లు మిగిలాయి. మీ మామయ్య వచ్చి చెప్పలేక గుమ్మంలోనే నిలబడిపోయాడు. మొక్కలు నాటితే కాపుకి ఆరేడేళ్ళు. వెయ్యిమందికి పైగా మనుషులే పోయిన తుపానులో చెట్ల కోసం ఏడవడం తప్పని నోరు మూసుకున్నాను.

తర్వాత ఒకరోజు పత్రికకి పంపడానికి స్టాంపులు కావాల్సి వచ్చాయి. పెట్టెలో డబ్బు లేదు. మీ పెదనాన్నగారి దగ్గరికి వెళ్ళి ఇరవై రూపాయలడిగాను. పేపర్లోంచి తలెత్తకుండా "ఎందుకు?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, నీకు తెలుసు. ఆ మాటలో కోపమూ లేదు. కానీ యాభై రెండేళ్ళు వచ్చాక మొదటిసారి నేను ఇరవై రూపాయలకి కారణం చెప్పాను. ఆ రాత్రి అటక మీద కట్ట దింపించి ఆ కార్డు వెతికాను. పాతికేళ్ళు ఆ 'ఎందుకు'తో పాటు అత్తగారి తాళంచెవి కూడా ఉండుంటే, నేను ఓర్చుకునేదాన్నని ఈ రోజుకీ ప్రమాణం చేసి చెప్పలేను.

ఆ పిల్లకి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. మీ మామయ్యని ఆ ఊరు పంపాను. తండ్రి గుమ్మంలోనే నిలబెట్టి, "బాగానే ఉందండి" అన్నాడట. ఏ ఊళ్ళో ఉందో చెప్పలేదు. లోపల ఎవరో ఆడమనిషి ఉంది కానీ బయటికి రాలేదని వీడన్నాడు.

తర్వాత నా పేజీలో తోట సంగతి రాశాను. పాఠకులు అయోమయంలో పడతారని మొదటిసారి తిప్పి పంపారు. మళ్ళీ పంపితే సగం కత్తిరించి వేశారు. "మీ మీద ఉన్న గౌరవం పోయింది" అని వచ్చిన ఉత్తరాలు ఉన్నాయి. అలా రాసినవాళ్ళలో పాత వ్యాసం కత్తిరించి దాచుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇన్నేళ్ళకి మీ మాట నమ్మానని ఒకావిడ రాసింది. నరసాపురం అరుగు నుంచి మాత్రం, "మేం అప్పుడే అనుకున్నాం, తోట లేనివాళ్ళు అలా రాయలేరని" అని వచ్చింది. మరి అప్పుడే ఎందుకు రాయలేదని అడిగితే, "పెద్దవారు కదా, బాధపడతారని" అన్నారు.

నీ మొదటి వ్యాసం నువ్వు ఇల్లు వదిలి వచ్చేసిన రోజు గురించట. మీ అమ్మ చెప్పింది. ఐదేళ్ళయింది. ఆ రోజు నువ్వు నాకు ఫోన్ చేస్తే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఇంకొక్కసారి ఆలోచించుకో తల్లీ" అని. ఇంత జరిగాక కూడా అదే మాట వచ్చింది. భయమేసింది, అంతే. నువ్వు వినకపోవడం మంచిదైంది. నీకు ఈ మాట ఎప్పుడో చెప్పాల్సింది.

నీ ధైర్యం గురించి రాయి, అది నీదే. కానీ ఒకటో తారీఖున పడే లెక్చరర్ జీతం గురించి కూడా రాయి. కాకినాడలో మీ అమ్మ ఇల్లు, మేడ మీద ఖాళీగా ఉన్న రెండు గదులు, అప్పటికి పిల్లాడికి ఇంటర్ అయిపోవడం, ఇవన్నీ రాయి. వచ్చేసిన రోజు నీ బ్యాంకు ఖాతాలో ఎంతుందో అంకెతో సహా రాయి. లేకపోతే ఏ లంకలోనో ఒక పిల్ల నీ వ్యాసం చదివి, నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని, చేతిలో ఛార్జీ డబ్బులు మాత్రమే ఉండగా రాత్రి బస్సెక్కుతుంది. నాకు ఈమధ్య నిద్రలో అదే బస్సు కనబడుతోంది. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. రావొద్దని రాయమనీ అనడం లేదు. ఆ పిల్ల తన లెక్క తను చూసుకోవాలంటే నీ లెక్క నువ్వు చూపించాలి.

తిట్టేవాళ్ళుంటారు. కాపురం నిలబెట్టుకోలేనిది పాఠాలు చెబుతుందా అంటారు. అది చదివి అన్నం మానెయ్యకు, నీకు అసలే గ్యాస్ ట్రబుల్. మెచ్చుకునేవాళ్ళకి వారం తర్వాత జవాబిచ్చినా ఏమీ అనుకోరు. ప్రశ్న అడిగినవాళ్ళకి ముందు రాయి. అందులోనూ నీకు ఒళ్ళు మండించిన ప్రశ్నని ఇంకోసారి చదువు. రాత్రి తొమ్మిది దాటాక ఎవరికీ జవాబు రాయకు. నా కార్డుకి తెల్లారేదాకా టైముంది, అయినా ఆపుకోలేకపోయాను. నీకు ఫోన్లోనే వస్తాయి, ఫోన్లోనే పంపేస్తావు, ఆ టైము కూడా ఉండదు.

మొదటి వ్యాసం పంపేముందు ఒక ఆదివారం రా. యానాం వంతెన మీదుగా అమలాపురం బస్సెక్కితే భోజనం వేళకి ఇంట్లో ఉంటావు. తేగలు తంపటి పెట్టించి ఉంచుతాను. వ్యాసం పెద్ద అక్షరాలతో రాసి తీసుకురా, లేదా నువ్వే చదివి వినిపించు. ఉత్తరాల పెట్టె నీకిచ్చేస్తాను, ఇక్కడుంటే చెదలు పడుతుంది. ఆ కార్డు మాత్రం పెట్టెలో లేదు. నా మందుల డబ్బాలో అడుగున మడత పడకుండా పెట్టాను. నువ్వొచ్చాక నీ చేతికే ఇస్తాను. ఆ అక్షరాలు నువ్వు ఒకసారి చూడాలి.

నీ పెద్దమ్మ