ఇంట్లో మరణం జరిగిన ఏడాది క్రిస్మస్ నాకు ఎలా అర్థమైంది

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. ఆగస్టులో మీ భర్తగారు ప్రభువునందు నిద్రించారు. ఇప్పుడు వీధిలో అన్ని ఇళ్ళకూ స్టార్లు వెలుగుతున్నాయి, మీకు మాత్రం అటక మీద నుండి స్టార్ దించాలని కూడా అనిపించడం లేదు. బంధువులలో కొందరు ఏడాది తిరగకుండా పండుగేమిటని అంటున్నారు, మరికొందరు విశ్వాసులై ఉండి ఇంకా ఏడుపేమిటని అంటున్నారు. ఇంతకీ క్రిస్మస్ అసలు అర్థంలో దుఃఖంలో ఉన్నవారికి ఓదార్పు ఏమైనా ఉందా, లేక అది సంతోషంగా ఉన్నవాళ్ళ పండుగేనా అని మీరు అడిగారు. నేను వేదాంతం చదివినవాడిని కాను. గుంటూరులో లూథరన్ కుటుంబంలో పుట్టి, 2021లో మా నాన్నగారిని పోగొట్టుకుని, ఆ డిసెంబరును మీలాగే దాటినవాడిని కాబట్టి ఆ అనుభవంలో నుండే జవాబు రాస్తున్నాను.

బంధువుల మాట ముందే తేల్చేస్తాను. ఏడాది లోపు పండుగ చేయకపోవడం మన తెలుగు ఇళ్ళలో మతంతో నిమిత్తం లేని ఆనవాయితీ. దానిని పాటించడం తప్పూ కాదు, పాటించకపోవడం పాపమూ కాదు. మీకు చేతనైతే స్టార్ కట్టండి, కాకపోతే వదిలేయండి. ఇక విశ్వాసులు ఏడవకూడదనే రెండో వర్గం వారు పౌలు థెస్సలొనీకయులకు రాసిన మాటను తరచుగా సగమే చెబుతారు. నిరీక్షణ లేని ఇతరులవలె దుఃఖపడవద్దని ఆయన రాశాడు గాని, దుఃఖపడవద్దని ఎక్కడా రాయలేదు. లాజరు సమాధి దగ్గర యేసే కన్నీళ్ళు విడిచాడు. మంచివాళ్ళనే దేవుడు త్వరగా తీసుకుంటాడన్న ఓదార్పు మాట మా ఇంటికి కూడా చాలామంది తెచ్చారు. అది వాక్యంలో లేదు, మాకు ఊరటనూ ఇవ్వలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. అది 2021 మే నెల, కోవిడ్ వల్ల మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ ఉన్న రోజులు. నాన్నగారికి ఆక్సిజన్ పడిపోయిన రాత్రి నేనూ మా బావగారూ ఆయనను కారు వెనుక సీటులో పడుకోబెట్టుకుని నాలుగు ఆసుపత్రులు తిరిగాము. ప్రతి గేటు దగ్గరా వినబడింది ఒకటే మాట: "బెడ్లు లేవండి." వాళ్ళ మీద నాకు కోపం లేదు, నిజంగానే లేవు. తెల్లవారుజామున ఐదో చోట ఒక పడక దొరికింది గాని, వార్డులోకి ఇంటి మనుషులను రానివ్వలేదు. స్ట్రెచర్ వెంట గాజు తలుపు దాకా నడిచి అక్కడ ఆగిపోయాను. రెండో రోజు సాయంత్రం ఆయన ఫోన్ చేసి, మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటూ, "ఎవరినైనా తోడు ఉండనిస్తారేమో అడుగు నాన్నా" అన్నారు. అడిగాను, కుదరదన్నారు. ఆరో రోజు పోయారు. సమాధుల తోటకు పదిమందిమి వెళ్ళాము, ఆదరణ కూడిక ఫోన్లలో జరిగింది.

1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిన నాటి నుండి లూథరన్ ఆరాధన క్రమం ఈ ఊరిలో పాతుకుపోయింది కాబట్టి, మా సంఘంలో క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలను ఆగమన కాలంగా పాటిస్తారు. ఆ ఏడాది మొదటి మూడు ఆదివారాలు నేను గుడికి వెళ్ళలేదు. నాలుగో ఆదివారం, డిసెంబరు 19న, అమ్మను ఒంటరిగా పంపలేక వెళ్ళి చివరి వరుసలో కూర్చున్నాను. అయ్యగారు మత్తయి సువార్త మొదటి అధ్యాయం చదువుతూ, ఇమ్మానుయేలు అనే పేరు దగ్గరకు వచ్చి, దేవుడు మనకు తోడు అని దాని అర్థమని చదివారు. చిన్నప్పటి నుండి ప్రతి డిసెంబరులోనూ విన్న మాటే, సండే స్కూలు నాటకంలో నేనే దేవదూత వేషం వేసి అరిచి చెప్పిన మాటే. ఆ రోజు మాత్రం "తోడు" అనే ముక్క వినగానే నాకు నాన్నగారి గొంతు వినబడింది, ఆ వెంటనే కోపం వచ్చింది. ఆయన అడిగినది అదొక్కటే కదా, మందు కాదు, బతికించమనీ కాదు. దానిని కూడా ఇవ్వలేకపోయిన చోట ఇమ్మానుయేలు అనే పేరుకు ఏం విలువ ఉందనిపించింది. ఆరాధన అయ్యేదాకా ఉండకుండా లేచి బయటకు వచ్చి, చెట్టు కింద స్కూటర్ మీద కూర్చున్నాను.

అక్కడ కూర్చుని ఉండగా జూన్ నెలలో వచ్చిన ఒక ఫోన్ కాల్ గుర్తుకు వచ్చింది. తెలియని నంబరు. అవతలి మనిషి మిర్చి యార్డులో హమాలీ పని చేస్తానని చెప్పి, "పెద్దాయన పక్క బెడ్డు నాదేనండి, రాత్రిళ్ళు నీళ్ళు కావాలంటే నేనే పట్టేవాణ్ణి, నిద్ర పట్టక ఏదో పాట మెల్లగా పాడుకునేవారు" అన్నాడు. ఆయన ఫోన్‌లో నుండి మా నంబరు ఎక్కించుకుని, ఇంటికి వెళ్ళాక చేశాడట. అతని మాటలకు అప్పుడు ఏడ్చాను గాని, అందులో నాన్నగారి కోరికకు జవాబు ఉందని నాకు తట్టలేదు. తానే జబ్బుతో పడి ఉన్న మనిషి, గాజు తలుపుకు లోపలివైపు ఉన్న మనిషి, చేయి చాచి నీళ్ళు పట్టాడు. ఇదంతా దేవుడు ముందుగానే ఏర్పాటు చేశాడని మీ చేత ఒప్పించుకోవడానికి చెప్పడం లేదు. అంత ధైర్యం నాకు లేదు. కాకపోతే క్రిస్మస్ గురించి నేను అనుకుంటూ వచ్చినది తప్పని ఆ రోజే తెలిసింది. దేవుడు గేటు తెరిపించగల పెద్దమనిషిలాగా బయట నిలబడి ఉంటాడని, ఆయన సిఫారసు మనకు దొరకలేదని నేను కోపం పెట్టుకున్నాను. సువార్తలు చెబుతున్నది మాత్రం ఆయన రోగి వైపుకు, లోపలికి వచ్చాడని.

ఆ సాయంత్రం లూకా సువార్త రెండో అధ్యాయం తీసి నిదానంగా చదివాను. "సత్రములో వారికి స్థలము లేనందున" అన్న చోట చాలాసేపు ఆగిపోయాను, ఎందుకో మీకు చెప్పనక్కర లేదు. నజరేతు నుండి బేత్లెహేముకు వంద కిలోమీటర్లకు పైనే ఉంటుంది, అంటే సుమారుగా మన గుంటూరు నుండి ఒంగోలు దాకా. రోమా చక్రవర్తి జనసంఖ్య రాయించాలన్న ఆజ్ఞకు నిండు గర్భిణి మరియ అంత దూరం వెళ్ళి, చోటు దొరకక, బిడ్డను కని పొత్తిగుడ్డలతో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. మన క్రిస్మస్ పాకలలో ఆ తొట్టిని బంగారు రంగు కాగితంతో అలంకరిస్తాము గాని, పల్లెలో పెరిగినవారికి కుడితి తొట్టి అంటే ఏమిటో, దాని అంచున ఎండిపోయిన తవుడు ఎలా వాసన వేస్తుందో తెలుసు. పొత్తిగుడ్డలన్నా అంతే, పాత చీరలూ పంచెలూ చింపి పసిబిడ్డ కోసం దాచుకునే మెత్తటి గుడ్డలు. చోటు దొరకని కుటుంబంలో, చేతికందిన గుడ్డల మధ్య దేవుడు పుట్టాడని నమ్మేవారి పండుగ, బెడ్డు దొరకని కుటుంబానికి పరాయిది ఎలా అవుతుంది?

మత్తయి రెండో అధ్యాయాన్ని పూర్తిగా చదవమని మిమ్మల్ని కోరతాను, ఎందుకంటే మన కార్యక్రమాలలో జ్ఞానులు కానుకలు ఇవ్వగానే తెర పడిపోతుంది. ఆ తరువాత రాత్రివేళ చంటిబిడ్డతో ఐగుప్తుకు పారిపోవడం, హేరోదు రాజు బేత్లెహేములో రెండేళ్ళలోపు మగపిల్లలను చంపించడం ఉన్నాయి. పిల్లల కోసం ఏడుస్తూ, ఓదార్పు పొందడానికి ఒప్పుకోని రాహేలును యిర్మీయా ప్రవచనం నుండి మత్తయి అక్కడే గుర్తు చేస్తాడు. ఆమెను ఎవరూ మందలించలేదు, ఊరుకోమనలేదు. క్రిస్మస్ కథలోనే ఆమె ఏడుపును అలాగే ఉంచారు. లూకా సువార్తలో అన్న అనే ప్రవక్త్రి కూడా ఉంది, భర్తతో ఏడేళ్ళే కాపురం చేసి, తరువాతి జీవితమంతా విధవరాలిగా దేవాలయంలో గడిపిన వృద్ధురాలు. పసిబిడ్డను చూసి, కనిపెట్టుకుని ఉన్న వారందరికీ ఆయన గురించి చెప్పిన మొదటివారిలో ఆమె ఒకరు. అదే రోజు దేవాలయంలో సుమెయోను అనే భక్తుడు బిడ్డను ఎత్తుకుని దేవుని స్తుతించి, ఆ తల్లితో నీ హృదయంలోకి ఖడ్గం దూసుకుపోతుందని చెప్పాడు. ఇన్ని కన్నీళ్ళున్న కథను మనం కేకు మీది క్రీములాగా తియ్యగా ఎలా చేసుకున్నామో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక ఆశ సంగతి. మన క్రైస్తవ తెలుగులో ఆశను నిరీక్షణ అంటాము, బయట అదే మాటకు ఎదురుచూడడమని అర్థం. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఉండడం నాకు మేలు చేసింది, ఎందుకంటే ఆశగా ఉన్నానని ఆ డిసెంబరులో నేను నిజాయితీగా చెప్పగలిగేవాడిని కాను గాని, ఎదురుచూస్తున్నానని మాత్రం చెప్పగలిగేవాడిని. ఆగమన కాలం కూడా ఒక్క బేత్లెహేము వైపే చూసేది కాదు, క్రీస్తు రెండో రాకడ వైపు కూడా చూస్తుంది. తొట్టిలో పుట్టినవాడు సిలువ మీద చనిపోయి, మూడో రోజున లేచాడని, నిద్రించిన మనవారు కూడా ఆయన పిలుపుకు లేస్తారని మన నమ్మకం. దేవుడు ప్రతి కన్నీటి బిందువును తుడిచివేస్తాడన్న వాగ్దానం ఆ రోజుకు సంబంధించినది. తుడవడానికి కన్నీళ్ళు ఉంటాయని ఆ వాగ్దానమే ఒప్పుకుంటోంది గదా. నాన్నగారు ఎందుకు అలా పోవలసి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కాని ఆయన పేరు తలచుకున్నప్పుడు ఇప్పుడు గాజు తలుపు ఒక్కటే గుర్తుకు రావడం లేదు. నాన్నగారు పుట్టినది కుగ్లర్ ఆసుపత్రిలో. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1930లో చనిపోయే వరకు ఈ ఊరి స్త్రీలకు వైద్యం చేశారని చెప్పి, "తోడుండడమంటే అదీ" అని ఆయనే ముగించేవారు. ఆ మాట కూడా ఇప్పుడు గుర్తుకు వస్తోంది.

మీరు ఏం చేయాలో చెప్పే అర్హత నాకు లేదు, మేము చేసినది మాత్రం చెబుతాను. క్యారల్స్ బృందాన్ని మా ఇంటికి డప్పులు లేకుండా రమ్మని సంఘ పెద్దలకు ముందే చెప్పాము. అర్ధరాత్రి దాటాక వచ్చి, వాకిట్లో నిలబడి ఒక్క కీర్తన మెల్లగా పాడి, ప్రార్థన చేసి వెళ్ళారు. కొత్త బట్టలు కొనలేదు. నాన్నగారి లెక్కన అరిసెలకు అయ్యే ఖర్చుతో రెండు దుప్పట్లు కొని, వార్డులో ఆయనకు నీళ్ళు పట్టిన ఆ హమాలీ ఇంట్లో ఇచ్చి వచ్చాము. ఆరాధనలో మధ్యలో లేచిపోవలసి వస్తుందని భయమైతే చివరి వరుసలో కూర్చోండి, లేచి వెళ్ళినా ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర లేదు. ఒకవేళ మీకు వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలని లేదన్న ఆలోచన వస్తూ ఉంటే, ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరకు తప్పక వెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. దానిని అవిశ్వాసమని ఎవరైనా అంటే వినవద్దు.

ఒక చిన్న సంగతి చెప్పి ఆపుతాను. నాన్నగారికి రాత్రి అన్నంలో గడ్డ పెరుగు లేకపోతే భోజనం చేసినట్టు ఉండేది కాదు. ఆయన పోయాక అమ్మ పాలు తోడు పెట్టడం మానేసింది, ఏడు నెలలు ప్యాకెట్ పెరుగే తెచ్చుకున్నాము. ఆ క్రిస్మస్ ముందు రాత్రి గుడి నుండి వచ్చాక, చీర కూడా మార్చుకోకుండా వంటింట్లోకి వెళ్ళి పాలు కాచి, "పక్కింటి పిన్నిగారిని అడిగి కాస్త తోడు పట్టుకురా" అంది. పది దాటినా నేను వెళ్ళి తలుపు తట్టాను. ఆవిడ మా మతం వారు కారు, ఎందుకని కూడా అడగకుండా చిన్న స్టీలు గిన్నెలో రెండు చెంచాల పెరుగు వేసి ఇచ్చారు. చలికాలం కదా, అమ్మ పాలను మామూలు కంటే కొంచెం వెచ్చగా ఉండగానే తోడు వేసి, గిన్నెను నాన్నగారి పాత తువ్వాలులో చుట్టి, బియ్యం డబ్బాలో పెట్టింది. తెల్లవారుజామున ఆరాధనకు బయలుదేరబోతూ తువ్వాలు విప్పి, మూత తీసి, గిన్నెను కొంచెం ఒంచి చూసింది. తోడుకుంది.