అయోడిన్ వార్డుకు వెళ్లే ముందు

చిరంజీవి లక్ష్మికి పెద్దమ్మ ఆశీస్సులు.

రేడియో అయోడిన్‌కి, అదే థైరాయిడ్ కణాల్ని చంపే రేడియేషన్ మందుకి, తేదీ ఇచ్చారని మీ అమ్మ ఫోన్ చేసింది. మాటల మధ్యలో బాబు ఇంకా రాత్రిళ్లు పాలు తాగుతున్నాడనీ అంది. ముందు ఈ సంగతి డాక్టరుగారికి ఇవాళే చెప్పు. థైరాయిడ్ కణాలు అయోడిన్‌ని ఎలా లాక్కుంటాయో, పాలిచ్చే రొమ్ము కూడా అలాగే లాక్కుంటుంది. పాలు మాన్పించి కనీసం 6 వారాలు గడవాలి. ఆ తర్వాత బాబుకి మళ్లీ నీ పాలు పట్టకూడదు. తేదీ వెనక్కి పోతుందని టెన్షన్ పడకు. ఎన్నాళ్లు ఆగొచ్చో నీ రిపోర్టులు చూసి వాళ్లే చెబుతారు.

పెద్ద టీచింగ్ హాస్పిటల్ కదా, పీజీ చదివే కుర్ర డాక్టర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అడిగిందే అడుగుతారు. విసుక్కోకుండా ప్రతిసారీ పూర్తిగా చెప్పు. ఒకరి దగ్గర మరిచిపోయింది ఇంకొకరి దగ్గర గుర్తుకొస్తుంది. ఆ వార్డులో ఇన్నేళ్లు పనిచేసినదాన్ని, ఇది నేను ఎన్నోసార్లు చూశాను.

వాళ్లు చెప్పిన రోజు నుంచి అయోడిన్ ఉప్పు మానెయ్. చేప, రొయ్య, గుడ్డు, పాలు, బేకరీ సరుకు, కొన్న పచ్చళ్లు వద్దు. పెరుగు లేకుండా నీకు ముద్ద దిగదని తెలుసు, అయినా తప్పదు. అన్నం, పప్పు, కూరలు అయోడిన్ లేని ఉప్పుతో ఇంట్లోనే వండుకో. దెబ్బ తగిలితే బెటాడిన్ రాసుకోకు, అదీ అయోడినే. థైరాయిడ్ మాత్ర ఆపమంటే మాత్రం ఒళ్లు బరువెక్కుతుంది, చలేస్తుంది, ఊరికే ఏడుపొస్తుంది. మీ ఆయనకి ముందే చెప్పి ఉంచు.

క్యాప్సూల్ సీసపు డబ్బాలో వస్తుంది. డబ్బా చూస్తే గుండె ఝల్లుమంటుంది కానీ లోపల ఉండేది చూడ్డానికి మామూలు మాత్రలాగే ఉంటుంది. నమలకుండా మింగెయ్. తర్వాత నీళ్లు బాగా తాగు, మిగిలిన మందు ఎక్కువగా మూత్రంలోనే పోతుంది. కూర్చునే మూత్రానికి వెళ్లు, రెండుసార్లు ఫ్లష్ చెయ్. లాలాజల గ్రంథులు నొప్పెడతాయి, నిమ్మబిళ్లలు ఎప్పటి నుంచి చప్పరించాలో అడుగు. సిస్టర్లు గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడతారు, రోజూ మీటరుతో నీ ఒంట్లో రేడియేషన్ ఎంతుందో రీడింగ్ తీస్తారు. వాళ్లు ఏడాది పొడుగునా అక్కడే పనిచేయాలి, అందుకే ఆ దూరం. మనసు కష్టపెట్టుకోకు.

ఈ అయోడిన్ 8 రోజులకోసారి సగానికి తగ్గుతుంది. ఇంటికొచ్చాక బాబుని ఎన్ని రోజులు పక్కలో వేసుకోకూడదో కాగితం మీద రాయించుకో. ఆ రోజులు వాణ్ణి మా ఇంటికి పంపు. నీ ఆడపడుచు కడుపుతో ఉంది కాబట్టి తనని సాయానికి రానివ్వకు. విమానం ఎక్కాల్సొస్తే డిశ్చార్జ్ కాగితం చేతిలో పెట్టుకో, కొన్ని నెలల దాకా అక్కడి యంత్రాలు కూయొచ్చు. థైరాయిడ్ మాత్ర మళ్లీ ఏ రోజు మొదలెట్టాలో, ఒళ్లంతా తీసే స్కాన్ ఎప్పుడో అడక్కుండా అక్కణ్ణించి కదలకు.

మీ పెద్దమ్మ