కొండవాలు మీది గడ్డిమైదానంలో గడ్డిని ఏడాదికి ఒక్కసారే ఎందుకు కోస్తారు?

అడవిపూల విత్తనాలు రాలేదాకా ఆగడం కోసం. నగర శివారులో జనం నడిచే ఇలాంటి వాలును వేసవి చివరిదాకా కోయకపోతే, అది నిర్లక్ష్యమని చాలామంది పొరబడతారు. అలాగని అసలు కోయకపోతే కొన్నేళ్లలోనే ముళ్లపొదలు కమ్మేస్తాయి.

నా దృష్టిలో కోత కన్నా ముఖ్యమైన పని, కోసిన గడ్డిని అక్కడి నుంచి తీసుకుపోవడం. అది అక్కడే కుళ్లితే నేల సారవంతమవుతుంది. ఏపుగా పెరిగే గడ్డి చిన్న పూలమొక్కలకు వెలుతురు అందకుండా చేస్తుంది. నిస్సారమైన నేలలో ఏ ఒక్క మొక్కా పెత్తనం చేయలేదు కాబట్టి ఎక్కువ రకాలు కలిసి బతుకుతాయి. వాలు మీద మట్టి పొర పలచగా ఉండడం, నీరు త్వరగా జారిపోవడం ఇందుకు బాగా కలిసివస్తాయి.

ఎండ తగిలే చోట చీమలపుట్టల దగ్గర వంగి చూడండి. కొన్ని నీలి సీతాకోకచిలుకల గొంగళిపురుగుల వీపు మీది గ్రంథి నుంచి తియ్యటి బొట్టు ఊరుతుంది. చీమలు దాన్ని తాగుతూ, పురుగును సాలీళ్ల నుంచి, పరాన్నజీవి కందిరీగల నుంచి కాపాడతాయి. ఎంత అద్భుతమైన ఒప్పందమో!

కాండాలను అంటుకున్న గుడ్లు, ప్యూపాలు మిగలాలని కొంత భాగాన్ని కోయకుండా వదులుతారు.

భరతపక్షులు నేలమీదే గూడు కడతాయి కనుక బాట దిగకండి, కుక్కను గొలుసుతోనే నడిపించండి. దాని మలాన్ని తప్పక ఎత్తండి, అదీ నేలకు ఎరువే.